కూర్చుని తవ్వే పార

మే 9, శుక్రవారం

పొద్దున నాలుగు వందల అడుగులు. సాయంత్రం మూడు వందలు.

నడుము పూస జారిందని డాక్టరు వంగవద్దన్నాడు. రోజూ ఎన్ని అడుగులు నడిచానో రాసిపెట్టమన్నాడు. పురుగుమందుల కొట్టువాడిచ్చిన డైరీ ఖాళీగా ఉంది. అంకెలు డాక్టరుకి. మిగతాది నాకు. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలకి ఇన్నాళ్ళకి పని దొరికింది.

మే 10, శనివారం

ఐదు వందలు. నొప్పి లేదు.

మే 11, ఆదివారం

నొప్పి ఉంది. నిన్న రాసింది అబద్ధం.

మే 12, సోమవారం

మోహనకృష్ణ డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళయినా కడుక్కోకుండా నా మంచం మీద కూర్చున్నాడు. నా కొడుకు రైల్వే గ్యాంగులో పని చేస్తాడు. ఆమదాలవలస స్టేషనుకి అటూ ఇటూ పట్టాలు చూసుకోవాలి. అలిసిపోయి వస్తాడు, నాతో కూర్చోడు. కూర్చున్నాడంటే ఏదో ఉంది.

ఉంది. ఈ ఏడు పొలం మా ఊరి జగన్నాధానికి కౌలుకి ఇచ్చేద్దామన్నాడు. కాలవ పని నెల రోజుల్లోకి వచ్చింది, తనకి వరసగా మూడు రోజులు సెలవు దొరకదు, నేను వంగలేను. వాడు చెప్పినదాంట్లో తప్పు లేదు. అందుకే ఒళ్ళు మండింది.

మా ఊరు కాలవకి తోక. గొట్టా ఆనకట్ట దగ్గర నీళ్ళు వదిలితే పైవాళ్ళ పొలాలన్నీ తాగాక మిగిలిందే మాకు. అందుకని మా తాతల నాడే కట్టుబాటు పెట్టుకున్నారు. నీళ్ళు రాకముందు మూడు రోజులు పిల్లకాలవలో పూడిక తియ్యాలి. గెడ కర్రతో కొలిచి ఇంటికి ఆరు గెడల పొడవు వంతు. మట్టి మొయ్యడానికి ఎవరైనా రావచ్చు, తవ్వడానికి మాత్రం పొలం చేసే ఇంటి మనుషులే దిగాలి. అలా తవ్వినవాడు నీళ్ళ వంతులు వేసే రోజున గట్టు మీద కూర్చుని మాట్లాడతాడు. కూలివాణ్ణి పెడితే ఆ ఇంటికి మాట లేదు, నీళ్ళు ఆఖరున. ఆఖరి నీళ్ళు మా మడికి వచ్చేసరికి నారు ముదిరి కట్టెలవుతుంది. అప్పుడు పొలం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

యాభై ఏడేళ్ళు దిగాను ఆ కాలవలో. ఒక్క ఏడూ తప్పలేదు.

"నా వంతు నేను తవ్వితే?" అన్నాను.

వాడు నవ్వి ఉంటే బాగుండేది. నవ్వలేదు. నా నడుము వైపు చూశాడు.

"తవ్వితే పొలం మనకాడే ఉంతాది నాన్నా. ఎవులికీ ఇవ్వను. గాని నువ్వు వంగినావంటే మాత్రం నానే వచ్చి ఎత్తుకెల్లిపోతాను."

వంగకుండా తవ్వాలట. వంగకుండా పార పట్టినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మే 15, గురువారం

డాక్టరు దగ్గరకి వెళ్ళాను. అడుగులు చూసి బాగుందన్నాడు. వంగొద్దని మళ్ళీ అన్నాడు. కూర్చోవచ్చా అని నేను అడగలేదు. కూర్చోవద్దని ఆయన అనలేదు.

తిరిగి వస్తూ ఆటో నిండేదాకా స్టేషను రోడ్డులో మురళీమోహన్ పాత ఇనుము కొట్టు దగ్గర నీడకి నిలబడ్డాను. మిలిటరీ వేలంలో సరుకు తెచ్చి పోశాడు. నీళ్ళ సీసాలు, బెల్టులు, ఒంటికాలి బూట్లు. వాటి పక్కన మేకుకి ఒక బుల్లి పార వేలాడుతోంది. మూరన్నర ఉంటుంది. రేకు మడత పడుతుంది. మెడ దగ్గర ఒక మర ఉంది. అది వదులు చేసి రేకుని నిలువుగా పెట్టుకోవచ్చు, మన పారలాగా అడ్డంగానూ పెట్టుకోవచ్చు అని కొట్టువాడు చెప్పాడు. చెప్పడమే గాని తిప్పి చూపించలేకపోయాడు. మర తుప్పుతో అతుక్కుపోయింది. కర్ర చీలిపోయింది.

ఎందుకు పనికొస్తుందని అడిగాను.

"గుళ్ళొస్తంటే సిపాయి గొయ్యి తవ్వుకోడానికి తాతా. టౌనోళ్ళు గోడకి తగిలించుకోడానికి కొంతన్నారు. నీకెందుకది?"

"ఇంత పొట్టిగా ఉంటే ఎలా తవ్వుతాడు?"

"పడుకుని తవ్వుతాడు, కూకుని తవ్వుతాడు. నిలబడితే సచ్చిపోడూ?"

ఆటో నిండింది. డ్రైవరు రెండుసార్లు పిలిచాడు. పూలమొక్కలకి మట్టి తియ్యడానికి పనికొస్తుందని కొనేశాను.

మా ఇంట్లో పూలమొక్కలు లేవు.

మే 16, శుక్రవారం

దాలమ్మ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసింది. "ఏటిది, గరిటా?" అంది. పెళ్ళయిన నాటి నుంచి నా ఏ పనికీ ఇంతకంటే పెద్ద మాట ఆమె అనలేదు. అయినా నాకు కోపం రాలేదు. నా పని నాకుంది.

మే 17, శనివారం

తుప్పుకి చింతపండు. పోయినేటి నల్లబడ్డ చింతపండు కుండలో అడుగున ఉంటే దాలమ్మ నిద్రపోతున్నప్పుడు తీసి నానబెట్టాను. రేకుకి మెత్తి గోనె చుట్టి ఎండలో పెట్టాను.

మే 18, ఆదివారం

గోనె విప్పి కొబ్బరిపీచుతో తోమాను. ఎర్ర నీళ్ళు కారాయి. దాని కింద ఆకుపచ్చ రంగు, ఆ రంగు కింద ఇంకో రంగు. ఎన్నిసార్లు పూశారో. గంట తోమేసరికి తెల్లటి ఇనుము కనబడింది. మంచి ఇనుము. గోరుతో కొడితే కంచు చెంబులా మోగింది. మెడ కింద ఒక బాణం గుర్తు, నాలుగు అంకెలు. 1968.

నేను మొదటిసారి కాలవలో దిగిన ఏడు.

దాలమ్మ చింతపండు కుండ చూసుకుంది. రోజంతా ఎండుచేప పులుసు లేదు.

మే 21, బుధవారం

మర కదలడం లేదు. మూడు రోజులుగా కిరసనాయిలులో నానుతోంది. సుత్తితో కొట్టాను. పాత గుడ్డ చుట్టి తిప్పాను. పిసరు కూడా కదలలేదు. మర కదలకపోతే రేకు అడ్డంగా తిరగదు. అడ్డంగా తిరగకపోతే కూర్చుని మట్టి లాగలేను.

అవును, కూర్చుని కాలవ తవ్వడానికే కొన్నాను. రాసేశాను.

కమ్మరి చంద్రమౌళి కొలిమికి తీసుకెళ్ళమని దాలమ్మ అంది. చచ్చినా వెళ్ళను. పదకొండేళ్ళ కిందట వాడు చేసిన పార కాలవ పనిలో వంగిపోతే, అందరి ముందూ వాడి కొలిమిలోకి విసిరేశాను. నీ చేతిలో ఇనుము పిండి అయిపోతుందన్నాను. అప్పటి నుంచి మాటల్లేవు. నా మాటలో తప్పు లేదు. విసరడం కొంచెం ఎక్కువైంది, అంతే.

మే 22, గురువారం

మర వచ్చేసింది!

వడ్లు ఉడకబెట్టే పెద్ద పొయ్యి వెలిగించి పారని మెడ దాకా దాంట్లో పెట్టాను. తాటి కమ్మలు, కంది కంప వేశాను. రేకు మందారప్పువ్వులా ఎర్రబడింది. పట్టకారుతో మర పట్టి ఒక్క తిప్పు తిప్పాను. కిర్రుమని లొంగింది. మెల్లగా చల్లారాలని బూడిదలో కప్పిపెట్టాను.

కమ్మరి ఎందుకు? కొలిమికేమైనా కొమ్ములుంటాయా?

ఆరు వందల అడుగులు.

మే 23, శుక్రవారం

మర వేళ్ళతో తిరుగుతోంది. రేకు నిలువు, అడ్డం, మడత. మూడూ వస్తున్నాయి. నూనె పోశాను. కారణం లేకుండా పదిసార్లు తిప్పాను.

మే 25, ఆదివారం

కర్ర కావాలి. అటక మీద చండ్ర కర్ర రోకలి ఉంది. దాలమ్మ పుట్టింటిది. మధ్యలో చీలింది, అయినా పారెయ్యలేదు. అడగడానికి రెండు రోజులు పట్టింది. అడిగితే ఒక్క మాటకే ఇచ్చేసింది.

"ఇప్పుడు దంచీవోలెవులు? తీసుకో. గరిటకి తెడ్డు కావాల గదా."

బాడిసతో చెక్కాను. గాజు పెంకుతో గీకి నునుపు చేశాను. కానుగ నూనె పట్టించాను. అంచు ఆకురాయితో మూడుసార్లు రాశాను. ఆకురాయి చాలా సులువుగా తినేసింది. నా చేతిలో బలం ఇంకా ఉందనుకున్నాను.

మే 28, బుధవారం

పెరట్లో గోనె మడిచి వేసుకుని కూర్చుని తవ్వి చూశాను. మెత్తటి నేలలో బాగా దిగింది. తర్వాత రాయి తగిలింది.

రాయను.

మే 29, గురువారం

అడుగులు లేవు.

మే 30, శుక్రవారం

మిలిటరీ ఇనుము అంతే. ఊరకే పేరు. రాయి తగలగానే అంచు తమలపాకులా చుట్టుకుపోయింది. మురళీమోహన్ మోసం చేశాడు.

జూన్ 1, ఆదివారం

మురళీమోహన్ మోసం చెయ్యలేదు. గోరుతో కొడితే మోగిన ఇనుము ఇది. ఈ రోజు కొట్టి చూశాను. మోగలేదు, పగిలిన మట్టి కుండలా టప్పుమంది. పొయ్యిలో ఎర్రగా కాల్చి బూడిదలో పడుకోబెట్టి, దానిలో ఉన్న గట్టిదనం నేనే తీసేశాను. చిన్నప్పటి నుంచి కొలిమి పక్కన తిరిగినవాణ్ణి, నాకు తెలియనిదా? తెలుసు. మర వచ్చిందన్న సంతోషంలో గుర్తు రాలేదు.

కాలవ పనికి పద్నాలుగు రోజులు.

జూన్ 2, సోమవారం

వెళ్ళాను.

చంద్రమౌళి కొలిమి ముందు ఇద్దరు కొడవళ్ళకి కూర్చున్నారు. వాళ్ళు వెళ్ళేదాకా తాటిచెట్టు వెనక నిలబడదామనుకున్నాను. తాటిచెట్టు సన్నం. చూసేశారు.

పార వాడి ముందు పెట్టాను. వాడు నా మొహం చూడలేదు. రేకు మీద గోరుతో కొట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ కొట్టాడు.

"ఎవులు సంపీసినారు దీన్ని?"

పాతదే అన్నాను.

"పాతది కాదు. మొన్నే సచ్చింది. పొయ్యిలో పెట్టి బూడిదలో సల్లార్సినారు. బంగారంలాంటి ఇనుము. పిండి అయిపోనాది బావా."

పదకొండేళ్ళ కిందటి నా మాట. దాచుకుని దాచుకుని వడ్డీతో సహా ఇచ్చాడు. ఆ ఇద్దరూ విన్నారు. సాయంత్రానికి ఊరంతా వింటుంది. పార తీసుకుని వెనక్కి తిరిగాను. నాలుగడుగులు వేశాను. అటువైపు నుంచి మా పొలం తాటిచెట్లు కనబడుతున్నాయి. జగన్నాధం ఆ గట్టు మీద నిలబడి నీళ్ళు కట్టుకుంటున్నట్టు అనిపించింది.

మళ్ళీ వెళ్ళి కొలిమి చక్రం దగ్గర కూర్చున్నాను. గాలి చక్రం పిడి పట్టుకున్నాను. చంద్రమౌళి అప్పుడు చూశాడు నా వైపు.

"మెల్లగ తిప్పు," అన్నాడు. "నీ పొయ్యి కాదిది."

గంటన్నర తిప్పాను. వాడు ముందు చుట్టుకుపోయిన అంచుని కొట్టి సరిచేశాడు. తర్వాత రేకుని సమంగా ఎర్రబరిచాడు. ఒక చోట ఎక్కువ ఎర్రబడితే తీసి ఆగేవాడు. మందారం రంగు ఎక్కువట. దానిమ్మ గింజ రంగు చాలట. ఆ రంగు రాగానే నూనె డబ్బాలో ముంచాడు. బుస్సుమని లేచింది. తీసి ఆకురాయితో రాస్తే గాజు మీద రాసినట్టు జారిపోయింది. ఇలా వదిలేస్తే రాయి తగిలి విరిగిపోతుందని, మళ్ళీ సన్న సెగ మీద పట్టాడు. ఇనుము మీద ఎండుగడ్డి రంగు పాకుతూ వచ్చింది. అంచుకి చేరగానే నీళ్ళలో పెట్టాడు.

గోరుతో కొట్టి నాకిచ్చాడు. మోగింది.

ఎందుకిదంతా అని అడిగాడు. చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పిడి కిందకి ఒక ఇనప పట్టీ బిగించి ఇచ్చాడు, కర్ర చీలకుండా.

"కూకుని తవ్వితే పారకి బరువు సాలదు బావా. సెయ్యి గుద్దాల. గుద్దితే కర్ర సీలుతాది. ఇది ఉంటే సీలదు."

నేను క్షమాపణ చెప్పలేదు. చక్రం తిప్పాను, అంతే.

జూన్ 3, మంగళవారం

పెరట్లో అదే రాయి మీద కొట్టాను. రాయి పెచ్చు ఊడింది. పారకి గీత కూడా పడలేదు.

అదే రాయిని మళ్ళీ కొట్టాను.

జూన్ 6, శుక్రవారం

పద్ధతి దొరికింది. గోనె మడిచి కింద. కాళ్ళు ముందుకి చాపాలి. రేకు నిలువుగా పెట్టి రెండు పక్కలా కోత పెట్టాలి. తర్వాత మర వదులు చేసి రేకు అడ్డం తిప్పి మట్టిని నా వైపు లాగాలి. తట్ట నిండితే దాలమ్మ తీసుకెళుతుంది. వెనక్కి జరగాలి. నడుము నిటారుగానే ఉంటుంది. కదిలేవి చేతులే.

పెరట్లో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఒక గెడ తవ్వాను. దాలమ్మ ఆ గోతిలో అరటి పిలక నాటింది. గొయ్యి ఊరికే పోకూడదట.

నొప్పి ఉంది. ఉండాల్సినంతే ఉంది.

జూన్ 8, ఆదివారం

జగన్నాధం వచ్చాడు. కాలవ పనికి పెద్ద వాడే. నాకు వరసకి బావమరిది. దాలమ్మ ఇచ్చిన చోడంబలి తాగుతూ గోడకి ఆనించిన పార వైపు చూశాడు. అది పారా గరిటా అని అడిగాడు. మా ఇంట్లో పుట్టిన మాట అప్పుడే ఊరంతా తిరిగి వచ్చింది.

కౌలు మాట కదిపాడు. చెడ్డవాడు కాదు. పొలం బీడు పడకుండా చూస్తానన్నాడు, నా వయసు గౌరవిస్తానన్నాడు. గౌరవం అన్నాక నాకు వినబుద్ధి కాలేదు. నా వంతు నేనే దిగుతున్నానని చెప్పాను.

కూర్చుని తవ్వడం తాతల నాటి నుంచి లేదన్నాడు. పది మందిని అడగాలన్నాడు. అడగమన్నాను.

జూన్ 10, మంగళవారం

రచ్చ దగ్గర అడిగారు. నేను మాట్లాడితే గొడవవుతుందని దాలమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇద్దరు ముగ్గురు సణిగారు. అందరూ ఇలా బొమ్మ పారలు తెస్తే ఎలా అన్నారు. ఊళ్ళో అందరికంటే పెద్దది గున్నమ్మ. తొంభై దాటింది. ఆమె వక్క నములుతూ అంది.

"వంతు లోతు కొలుత్తారా, మనిషి ఎత్తు కొలుత్తారా? పళ్ళతో తవ్వినా తవ్వినట్టే."

అయిపోయింది. జగన్నాధం కూడా తల ఊపాడు. కానీ ఒక మాట చేర్చాడు. మూడో రోజు పొద్దు గూకేసరికి ఆరు గెడలూ అవ్వాలి. ఒక మూర తక్కువైనా వంతు తప్పినట్టే.

జూన్ 15, ఆదివారం

కాలవ పని మొదటి రోజు. నా వంతు జగన్నాధం వంతుకి కింద వచ్చింది. వాడు, వాడి ఇద్దరు కొడుకులు పెద్ద పారలతో దిగారు. నేను గోనె వేసుకుని కాలవలో కూర్చున్నాను. అందరూ ఒక్క క్షణం పని ఆపారు. గరిట గరిట అని ఎవరో అన్నారు. నేనూ విన్నాను.

తుంగ వేళ్ళు తాళ్ళలా అల్లుకున్నాయి. నిలువు కోత పెట్టి తెంపాను. చంద్రమౌళి పెట్టిన అంచు వాటిని జనపనారలా కోసింది. మధ్యాహ్నానికి ఒక గెడ. సాయంత్రానికి ఒకటిన్నర.

రోజుకి రెండు కావాలి. అర గెడ వెనకపడ్డాను.

దాలమ్మ యాభై తట్టలు మోసింది. ఇంటికొచ్చి నా నడుముకి కాపడం పెట్టింది. తన మెడకి ఎవరు పెడతారని అడిగితే తనదేం ఊడిపోలేదులే అంది. పెట్టాను.

జూన్ 16, సోమవారం

పొద్దున వాన. అందరూ తిట్టుకుంటూ ఇళ్ళకి పోయారు. నేను గోనె తలకి చుట్టుకుని కూర్చున్నాను. లేవడం, మళ్ళీ కూర్చోవడం, ఆ రెండే నాకు కష్టం. అందుకని లేవలేదు.

అప్పుడు ఒకటి చూశాను. నిన్న నేను తవ్విన చోట వాననీళ్ళు ఒక దగ్గర నిలిచిపోయాయి. మూర దూరంలో అడుగు కొంచెం ఉబ్బుగా ఉంది. నిలబడితే అది కనబడదు. కూర్చుంటే నా కళ్ళు నేలకి మూడు జానల ఎత్తులో ఉన్నాయి. నీటి అంచు ఎదురుగానే ఉంది. ఆ ఉబ్బు గీకాను. నీళ్ళు పారాయి.

యాభై ఏడేళ్ళు ఈ కాలవని పైనుంచే చూశాను.

వాన తగ్గాక ప్రతి మూరకీ చెంబుడు నీళ్ళు పోసి చూసి తవ్వాను. నెమ్మదైంది. రెండు గెడలు కూడా రాలేదు. మొత్తం మూడుంపావు. రేపు రెండూ ముప్పావు తవ్వాలి. జీవితంలో ఒక్క రోజులో కూర్చుని ఎవరైనా అంత తవ్వారా, నాకు తెలియదు.

చెంబు మానెయ్యమంది దాలమ్మ. లోతు కొలుస్తారు గాని వాటం ఎవరు చూస్తారంది. మాననన్నాను.

జూన్ 17, మంగళవారం

పెన్ను రెండు చేతులతో పట్టుకున్నాను. అక్షరాలు ఎలా వస్తే అలా.

తెల్లారగానే కూర్చున్నాను. వాన మట్టిని మెత్తబరిచింది, అది ఒక్కటే సాయం. మధ్యాహ్నానికి గెడన్నర. జగన్నాధం వాళ్ళ వంతు అయిపోయింది. గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తూ, నేను చెంబుతో నీళ్ళు పోసి వాటం సరిచెయ్యడం చూస్తున్నాడు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే పని ముగించి వచ్చి కూర్చున్నారు. ఎవరూ గరిట అనలేదు.

అరగెడ మిగిలి ఉండగా మోహనకృష్ణ వచ్చాడు. డ్యూటీ బట్టలతోనే. గట్టు మీద నిలబడి నా నడుమునే చూశాడు. ఎక్కడైనా వంగుతానేమోనని. వంగలేదు. వాడు కాలవలోకి ఒక కాలు పెట్టాడు.

"ఇటియ్యి నాన్నా. ఆ కూసింతా నాను తవ్వీస్తాను."

ఇంటి మనిషే. వాడు తవ్వినా తప్పు కాదు. జగన్నాధం కూడా ఏమీ అనేవాడు కాదు. నా రెండు మోచేతులూ మండిపోతున్నాయి.

"మొయ్యి," అన్నాను. "తట్ట మొయ్యి. మీ అమ్మ కూకుంతాది."

వాడు తల్లి నెత్తి మీది చుట్టగుడ్డ తీసుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు. మోశాడు. పొద్దు తాటిచెట్ల మీద ఉండగానే ఆరో గెడ గుర్తుపుల్ల పారకి తగిలింది.

జగన్నాధం గెడ పట్టుకుని దిగి కొలిచాడు. లోతు కొలిచాడు. రెండోసారి కూడా కొలిచాడు. లేచి అందరికీ వినబడేలా లక్ష్మణరావు వంతు ఆరూ అయ్యాయన్నాడు.

లేవడానికి నాకు కొడుకు చెయ్యి కావలసివచ్చింది. లేచాక వదిలేశాను.

జూన్ 18, బుధవారం

నిద్ర. అడుగులు లేవు. డాక్టరు ఏమన్నా అననీ.

జూన్ 24, మంగళవారం

ఏడు వందలు. నొప్పి మామూలుకి వచ్చింది. పార కడిగి కానుగ నూనె రాసి, మడతపెట్టి, నా తలగడ పక్కన పెట్టుకున్నాను. దాలమ్మ చూసి దాని కింద పాత గుడ్డ ఒకటి పరిచింది. తలగడకి నూనె అంటకూడదట.

పైకాలవలో ఇంకా నీళ్ళు లేవు.

జూలై 2, బుధవారం

గొట్టా దగ్గర వదిలిన నీళ్ళు ఈ రోజు మా పిల్లకాలవ మొగదలకి వచ్చాయి.

అందరం గట్టు మీదే ఉన్నాం. చంద్రమౌళి కూడా కొలిమి ఆర్పేసి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నీళ్ళు నురగతో, ఎండుటాకులతో వచ్చాయి. ఒక్కొక్క వంతూ దాటుతున్నాయి. జగన్నాధం వంతు మధ్యకి వచ్చి ఆగిపోయాయి. లోతు ఉంది, వెడల్పు ఉంది, నీళ్ళు మాత్రం కదలవు. ఎగదన్ని పక్క గట్టు మీదికి ఎక్కడం మొదలుపెట్టాయి. ఇంకో కాసేపైతే గట్టు తెగి మురుగుకాలవలోకి పోతాయి. వాడి కొడుకులు పారలు పట్టుకుని దిగి అక్కడా ఇక్కడా పొడిచారు. బురద కలిసి ఇంకా ఏమీ కనబడలేదు.

జగన్నాధం నా దగ్గరకి వచ్చాడు. అందరూ చూస్తున్నారు. నాకు నోటి దాకా ఒక మాట వచ్చింది. మింగాను. అది మింగడం ఆరు గెడల కంటే కష్టమైంది.

"బావా," అన్నాడు, "నువ్వు కూకుంటే గాని ఇది తేలదు. ఎక్కడున్నాదో సూడు."

వాడి కొడుకుల్ని బయటికి రమ్మన్నాను. కిందివైపు నుంచి దిగి నీళ్ళు ఆగిన చోటికి ఎదురుగా కూర్చున్నాను. బురద తేరుకునేదాకా కదలలేదు. తేరుకుంది. ఉబ్బు వాళ్ళు పొడుస్తున్న చోట లేదు. దానికి నాలుగు మూరలు కింద ఉంది. జానెడు ఎత్తు, ఎద్దు వీపులాగా. పైనుంచి చూస్తే చదునే. రేకు అడ్డం తిప్పి ఇరవై లాగుళ్ళు లాగాను. లెక్కపెట్టాను.

నీళ్ళు నా కాళ్ళ మీదుగా వచ్చాయి. చల్లగా. నన్ను దాటి, నా వంతులోకి దిగాయి.

నా ఆరు గెడల్లో ఎక్కడా ఆగలేదు. ఒక ఎండుటాకు మీద కన్నేసి చూశాను. పై గుర్తుపుల్ల దగ్గర బయలుదేరి కింది గుర్తుపుల్ల దాకా ఒకే నడకతో పోయింది. గట్టు మీద వాళ్ళందరూ చూశారు. చంద్రమౌళి మాత్రం ఆకుని చూడలేదు, పార అంచునే చూశాడు. అంచుకి ఏమీ కాలేదు.

తర్వాత గట్టు మీద కూర్చుని వంతులు వేసుకున్నాం. నేను జగన్నాధం పక్కనే కూర్చున్నాను, ప్రతి ఏడూ కూర్చునే చోటే. నీళ్ళ వరసలో మూడోది నాకు కావాలన్నాను. ఎవరూ కాదనలేదు. వచ్చే ఏడు చెంబు నీళ్ళు పోసి చూడకుండా ఎవరి వంతూ అయినట్టు కాదని కట్టుబాటులో చేర్చాలని కూడా అన్నాను. కొంతమంది గొణిగారు. గున్నమ్మ ఇంటికి కబురు పంపుదామా అని అడిగాను. ఒప్పుకున్నారు.

జూలై 3, గురువారం

చంద్రమౌళి కొలిమికి ముగ్గురు ముసలివాళ్ళు వెళ్ళారట. ఇలాంటి పారే చెయ్యమన్నారట. కొలత కోసం నా పార పంపమని కబురు చేశాడు. పంపలేదు. నేనే పట్టుకెళ్ళాను. కొలిచినంతసేపూ అక్కడే కూర్చున్నాను. చక్రం తిప్పాను.

జూలై 4, శుక్రవారం

మడి తడిసింది. మట్టి వాసన ఇంట్లోకి వచ్చింది.

మోహనకృష్ణ పొద్దున డ్యూటీకి బయలుదేరి, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చాడు. కౌలు మాట ఎత్తలేదు. ఎత్తడని నాకు తెలుసు. సైకిలు పట్టుకుని నిలబడి, నా వైపు కాకుండా నేల వైపు చూస్తూ అడిగాడు.

"నాన్నా, సాయంత్రం ఆమదాలవలస నుంచి వస్తూ విత్తనాలు తెస్తాను. ఆకుమడికి ఏ రకం తెమ్మంతావు?"

ఏ రకమో నేను పది రోజుల కిందటే అనుకున్నాను. బస్తా మీద అంకెలతో సహా తెలుసు.

ఆలోచించి మధ్యాహ్నం ఫోను చేస్తానన్నాను. వాణ్ణి కాసేపు ఎదురు చూడనివ్వాలి.